పడవలో నుంచి పక్షి ఫోటో తీయడం ఎలా?



మన మల్కాపురం పక్కన హార్బరు నీళ్లున్నాయి, కొంగలున్నాయి. కానీ నౌకాదళం ఉన్నచోట అనుమతి లేకుండా ఫోటోలు తీయకూడదు. అందుకని నేను కొల్లేరు గురించి రాస్తున్నాను.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. ఇది 1999లో అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. కైకలూరు దగ్గర ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పడవలో వెళ్లి చూడొచ్చు.

ఫోటో ఎందుకు చెదురుతుంది? పడవ ఊగుతుంది, పక్షి ఎగురుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఈ కదలిక బొమ్మలో పడుతుంది. సెకనులో 1000వ వంతు మాత్రమే తెరిస్తే బొమ్మ నిలుస్తుంది. అయితే అంత కొద్ది సమయానికి వెలుతురు బాగా కావాలి. కాబట్టి ఎండ మన వీపు వైపు ఉండాలి.

జాగ్రత్తలు:

1. పడవలో నిలబడొద్దు. కూర్చుని మోచేతులు ఒంటికి ఆనించాలి. కెమెరాని పడవ అంచుకి ఆనిస్తే ఇంజను అదురు దానికీ వస్తుంది.

2. దూరంలోనే ఇంజను ఆపించాలి. పక్షికి ఎదురుగా పోకుండా పక్కగా పోవాలి.

3. పక్షి మెడ ఎత్తి కంగారుగా చూస్తే అక్కడే ఆగిపోవాలి.

ఎందుకంటే తల్లి గూటి మీంచి లేచిపోతే గుడ్లు ఎండకి పాడవుతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. అప్పుడే పుట్టిన గూడబాతు పిల్లకి ఒంటిమీద ఈకలే ఉండవు. తల్లి రెక్కల నీడే దానికి ఆధారం. ఒక్క ఫోటో కోసం ఒక గూడు పోకూడదు.

ఉండేలు పట్టినవాళ్లకి గురి, ఓపిక తెలుసు. కెమెరాకీ అవే కావాలి. కెమెరా లేకపోయినా, గెడ్డ దగ్గర కొంగని చూసేటప్పుడు రెండు, మూడు జాగ్రత్తలు మనకీ పనికొస్తాయి.