అరిగిన ఇరుసుకు అతుకులు వద్దు

బల్కు కూలరు లేని గ్రామాలలో నేటికీ పాలను క్యాన్లలో నింపి, ట్రాక్టరు ట్రైలరు మీద శీతల కేంద్రానికి పంపుతున్నారు. వెన్న శాతం గురించి, క్యాన్ల శుభ్రత గురించి మనం ఎన్నో పాఠాలు చెప్పుకున్నాము. ఆ పాలను మోసే ఇరుసును గురించి చెప్పుకున్నది తక్కువ.

ఇరుసుపై బరువు

40 లీటర్ల క్యానులో పాలు సుమారు 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు కలిపితే 50 కిలోలకు దగ్గర. 20 క్యాన్లకు ఒక టన్ను. దీనికి ట్రైలరు సొంత బరువు, తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలు అదనం. చక్రం గుంతలో పడిన ప్రతిసారీ ఈ బరువంతా దెబ్బగా ఇరుసు కొన మీద పడుతుంది.

ఎందుకు అరుగుతుంది?

హబ్బులోని బేరింగు లోపలి వలయం ఇరుసు మీద బిగువుగా కూర్చోవాలి. గ్రీజు ఎండినా, సీలు చిరిగి బురదనీరు చేరినా బేరింగు పట్టేస్తుంది. అప్పుడు లోపలి వలయమే ఇరుసు మీద తిరుగుతూ దానిని తినివేస్తుంది. ఆ తరువాత కొత్త బేరింగు వేసినా వదులుగానే ఉంటుంది.

మేము తనిఖీలలో తరచు చూచే మరమ్మతులు మూడు. రేకు చుట్టి బేరింగు ఎక్కించడం మొదటిది. ఆ రేకు కొద్ది రోజులకే నలిగి జారిపోతుంది. ఉలితో గాట్లు కొట్టడం రెండవది. ఆ గాట్లు త్వరలోనే అణగిపోతాయి, పైగా ప్రతి గాటూ పగులుకు మొదలు. వెల్డింగు పోసి లేతు పట్టించడం మూడవది. చూపుకు కొత్తదానివలె ఉంటుంది. కాని వెల్డింగు వేడికి పక్కనున్న ఇనుము పెళుసెక్కి, అక్కడ వెంట్రుకవాసి పగులు పుడుతుంది. అది రోజురోజుకూ లోనికి పాకి, ఒకనాడు ఇరుసు పుటుక్కున తెగుతుంది. తెగిన ముఖం చూస్తే పాత పగులు నల్లగా, అప్పుడు విరిగిన భాగం మెరుస్తూ కనిపిస్తుంది.

నెలకొకసారి పరీక్ష

1. జాకీ ఎత్తి, టైరును పైనా కిందా పట్టి ఊపండి. ఆట ఉంటే బేరింగు విప్పి చూడాలి.
2. చక్రాన్ని చేతితో తిప్పండి. గరగర శబ్దం రాకూడదు.
3. ప్రయాణం కాగానే రెండు హబ్బులనూ తాకి చూడండి. ఒకటి మిక్కిలి వేడిగా ఉంటే అనుమానించాలి.
4. టైరు ఒక అంచునే అరుగుతుంటే ఇరుసు వంగి ఉండవచ్చు.

బేరింగు ఒక్కటే పాడైతే దానిని మార్చితే చాలు. ఇరుసు అరిగినా, వంగినా, పగిలినా ఇరుసునే మార్చాలి. కొత్తది ట్రైలరు మోయవలసిన బరువుకు తగినదై, చక్రాల మధ్య పాత దూరమే ఉండాలి. బేరింగులు, సీళ్ళు కూడా కొత్తవే వేయించండి.

ఖర్చు సంగతి

20 క్యాన్లంటే 800 లీటర్లు. దారిలో ఇరుసు తెగితే పాలు ఒలకకపోయినా, మరో బండి వచ్చేసరికి ఎండకు పులుపెక్కుతాయి. కాచిన వెంటనే విరిగే పాలను కేంద్రం తీసుకోదు. ఆ ఒక్కపూట పాల విలువను, కొత్త ఇరుసు ధరను పక్కపక్కన వ్రాసి పాలకవర్గ సమావేశంలో పెట్టండి. ఆ నష్టం సంఘంలో పాలు పోసిన ప్రతి ఇంటిదీ. ఇక డ్రైవరు ప్రాణానికి, దారిన పోయేవారి ప్రాణానికి ఏ పద్దులోనూ విలువ కట్టలేము.