పది మీటర్ల దగ్గరే తేలిపోతుంది

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏ సెక్టారుకెళ్లినా తెలుగు కుర్రాళ్లు తగులుతారు. వాళ్లలో ఈమధ్య ఒక కొత్త మోజు చూస్తున్నాను. ఫోన్‌లో ఎవడో బోర్లా పడుకుని, కిలోమీటరు అవతలి ఇనప పలకను తూటాతో మోగిస్తాడు. అది చూసి, "అంకుల్, మీరు రైఫిల్ షూటింగ్ చేస్తారట కదా, ఇలాంటిది మన బెంగళూరులో ఎక్కడ నేర్పుతారు?" అని లిఫ్టులో అడుగుతారు. నాలుగంతస్తులు దిగేలోపు చెప్పగలిగే జవాబు కాదది. రిటైరయ్యాక ఈ ఆటలో పడి నేను తెలుసుకున్నది ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. దూరం యావ కొన్నాళ్లు కట్టిపెట్టండి.

వెయ్యి గజాల పోటీ అంటే ముందు గుర్తొచ్చేది ఇంగ్లండులోని బిస్లీ. 1890 నుంచి అక్కడ ఆ దూరం దాకా పోటీలు జరుగుతున్నాయి. వాళ్లకు ఆ సంప్రదాయం ఉంది, ఆ మైదానం ఉంది. మన దగ్గర అంత పొడుగు రేంజిలు సైన్యం, పోలీసు బలగాల చేతుల్లో ఉంటాయి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలప్పుడు కూడా ఫుల్‌బోర్ రైఫిల్ పోటీలను గురుగ్రామ్ దగ్గర కాదర్‌పూర్‌లోని సీఆర్‌పీఎఫ్ రేంజిలోనే పెట్టారు. మనబోటివాళ్లకు దొరికేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఇంకాస్త శ్రద్ధ ఉంటే 50 మీటర్ల పాయింట్ టూ టూ.

"పదే మీటర్లా?" అని మొహం వేలాడేస్తారు. ఒక్క లెక్క చూడండి. 300 మీటర్ల పోటీలో పది మార్కుల వలయం వెడల్పు 100 మిల్లీమీటర్లు. అదే కోణాన్ని 10 మీటర్లకు కుదిస్తే మూడున్నర మిల్లీమీటర్లు కూడా రాదు. 10 మీటర్ల టార్గెట్‌లో పది అనే చుక్క ఇంకా చిన్నది, అర మిల్లీమీటరు. బాల్‌పెన్నుతో కాగితం మీద ఊరికే ఒకసారి ఆనించి తీస్తే పడే చుక్కంత. 4.5 మిల్లీమీటర్ల పెలెట్ అంచు దాన్ని తాకితే చాలు, పది ఇస్తారు. కానీ పెద్ద పోటీల్లో దశాంశాలు కూడా లెక్కే: ఒక్కో షాట్‌కు గరిష్ఠం 10.9. అరవై షాట్లకు మొత్తం 654. కోణం చేతికొచ్చినవాడికి దూరం పెంచడం కష్టం కాదు. కోణమే రానివాడికి దూరం పెంచితే తప్పు కూడా అంతే పెరుగుతుంది.

2. మన హైదరాబాదు కుర్రాడి అంకెలు చదవండి.

గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో, దశాంశాలు లేని అప్పటి లెక్కలో, 600కు 595 కొట్టాడు. సమాన స్కోర్లు విడదీసే లెక్కలో ఫైనల్ తప్పింది. ఆ రోజే అదే పోటీలో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. పక్కవాడి మెడలో బంగారం, తనకు ఫైనల్లో చోటే లేదు! నాలుగేళ్ల తర్వాత లండన్‌లో 598, ఫైనల్‌తో కలిపి 701.1, కాంస్యం. రజతం వచ్చినాయనకు 701.5. ఒలింపిక్ వేదిక మీద రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య తేడా 0.4. ఇదంతా పది మీటర్ల దూరంలోనే జరిగింది.

3. చట్టం ముందు, రైఫిల్ తర్వాత.

2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడేవి అందులో సగం కూడా ఉండవు. పాయింట్ టూ టూ సంగతి వేరు. అది 1959 ఆయుధ చట్టం కిందికొచ్చే తుపాకీ, దానికి లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణ తర్వాత పెళ్లిళ్లలో, పండగల్లో ఇతరులకు ప్రమాదం కలిగేలా తుపాకీ పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

లైసెన్సు అక్కర్లేదన్నారు కదాని ఎయిర్ రైఫిల్ తీసుకుని డాబా ఎక్కకండి. మన సెక్టార్లలో ఇంటికీ ఇంటికీ మధ్య ఎంత జాగా ఉందో మీకు తెలుసు. రామచిలకల మీదా పావురాల మీదా గురి చూసేవాడికి నేను నమస్కారం కూడా పెట్టను.

4. నిలబడటం నేర్చుకోడానికే ఏడాది పడుతుంది.

కొత్తవాళ్లు రైఫిల్‌ను చేతుల బలంతో మోస్తారు. నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్ ఐదున్నర కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని కండలతో మోస్తే రెండో నిమిషానికే వణుకు మొదలవుతుంది. ఎడమ మోచెయ్యి నడుం ఎముక మీద ఆనాలి, నడుం ఆ పక్కకు కాస్త ముందుకు రావాలి, బరువంతా ఎముకల మీదుగా పాదాల్లోకి దిగాలి. సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి ఒక పద్ధతుంది. గురి పెట్టి కళ్లు మూసుకోండి. రెండు శ్వాసలు తీసి వదలండి. కళ్లు తెరవండి. గురి పక్కకు జరిగిపోయి కనిపిస్తే రైఫిల్‌ను చేత్తో లాగి సరిచెయ్యకూడదు. పాదాలను జరపాలి. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం కోచింగ్ ఫీజు గిట్టినట్టే.

ఇంట్లో చేసేది హోల్డింగ్ ప్రాక్టీసు. పెలెట్ వెయ్యకుండా తెల్ల గోడ వైపు గురి పట్టి అలాగే నిలబడటం. చూసేవాళ్లకు పరమ విసుగు. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు "గోడకు కాపలా".

5. ట్రిగ్గర్ నొక్కాక పని అయిపోలేదు.

మ్యాచ్ ఎయిర్ రైఫిల్ పెలెట్ వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. తుపాకీ తూటాతో పోలిస్తే నత్తనడక. అది గొట్టంలోంచి బయటపడేలోపు మీరు తలెత్తి స్కోరు తెర వైపు చూస్తే గొట్టం కదిలిపోతుంది. కొట్టాక కూడా ఒకటి రెండు సెకన్లు కన్ను సైటులోనే ఉంచండి.

6. గాలిని చదవడం అగర చెరువు గట్టు మీద మొదలుపెట్టండి.

ఇంత చెప్పినా కొందరికి ఆ కిలోమీటరు కల పోదు. పోనక్కర్లేదు. వాళ్ల కోసమే ఈ పాఠం. సముద్రమట్టం దగ్గర, సాధారణ పాయింట్ త్రీ నాట్ ఎయిట్ మ్యాచ్ తూటా వెయ్యి గజాలు చేరడానికి ఒకటిన్నర సెకను పైనే తీసుకుంటుంది. వంద గజాలకు సైటు సరిచేసి ఉంటే, అంత దూరంలో పది మీటర్ల వరకు కిందికి దిగిపోతుంది. ఆ దిగుడు లెక్క సులువే, పట్టిక చూసి సైటు తిప్పుకోవచ్చు. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి ఉంటే మాత్రం రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది, ఆ గాలి ఎంతుందో ఏ పట్టికా చెప్పదు. మీరే చూడాలి.

పొద్దున్నే చెరువు చుట్టూ నడిచేవాళ్లకు ఈ చదువు ఉచితం. గాలి మొహానికి తగిలి, ఆకులు గలగలలాడితే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. ఆకులూ సన్నటి రెమ్మలూ ఆగకుండా ఊగుతుంటే 12 నుంచి 19. గాలి నేరుగా పక్కనుంచి వస్తే పూర్తి ప్రభావం. ఏటవాలుగా, 45 డిగ్రీల నుంచి వస్తే డెబ్బై శాతం. ఎదురుగాలి తూటాను పక్కకు నెట్టదు. ఇవతలి గట్టు మీది చెట్టు ఒకటి చెబుతుంది, చెరువు మధ్య నీళ్ల మీది అలలు ఇంకొకటి చెబుతాయి. రేంజిలో జెండాలు కూడా అంతే. గాలి మారేదాకా ఆగడమా, సైటు మార్చుకోవడమా అన్నది షూటర్ తేల్చుకోవాలి. నా మాటకు ఆగడమే మేలు.

ఇంకో స్థానిక సంగతి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి విశాఖ గాలి కన్నా ఎనిమిది తొమ్మిది శాతం పలచన, తూటా దిగుడు కూడా కాస్త తక్కువే. వెయ్యి గజాల దగ్గర ఆ తేడా కనిపిస్తుంది. 50 మీటర్ల దగ్గర పట్టించుకోనక్కర్లేదు.

7. తొందరపడి కొనకండి.

జాకెట్టు, గ్లవ్, బూట్లు ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. రైఫిల్ మాత్రం అకాడమీదే కనీసం ఆరు నెలలు వాడండి. విదేశీ రైఫిల్ మీద లక్షలు పోసి, మూడో నెలకు అల్మారాలో పెట్టేసిన వాళ్లు మన లేఅవుట్‌లో చాలామంది ఉన్నారు.

8. ఈ ఆటకు ఉద్యోగం అడ్డు కాదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్. సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌ను సాకుగా చెప్పేవాళ్ల కోసం ఈ మాట.

9. చేతులు కడుక్కోండి.

పెలెట్లు సీసంతో చేసినవి. తట్టలోంచి ఒక్కొక్కటే తీసి, అంచు వంగిందేమో చూసి లోడు చేస్తున్నప్పుడు వేళ్లకు నల్లటి మసి అంటుతుంది. ఆ చేత్తోనే సమోసా తినేవాళ్లను చూశాను. సీసం ఒంట్లోకి చేరితే త్వరగా పోదు, పిల్లల మెదడుకు మరీ చేటు. రేంజిలోంచి బయటికి రాగానే సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో పసివాళ్లుంటే, వాళ్లను ఎత్తుకునే ముందు చొక్కా కూడా మార్చుకోండి. పిల్లల్ని అకాడమీలో చేర్చే తల్లిదండ్రులు మొదటి రోజు ఫీజు అడగడానికి ముందు, అక్కడ కుళాయీ సబ్బూ ఉన్నాయో లేదో చూడండి.