కొత్త గ్రూపులో కొన్నాళ్లు ఊరుకో

చెల్లీ, ‘ఒక యాప్ అలవాటయ్యేలోపు ఇంకోటి వచ్చిపడుతోంది, నా వల్ల కాదక్కా’ అంటున్నావు. నీ ఒక్కదానిదేనా ఈ గోల? ఆర్కుట్ రోజుల నుంచీ అందరిదీ ఇదే.

ఆర్కుట్ నీకు గుర్తుండదేమో. ఫేస్‌బుక్ లాంటిదే, 2004లో వచ్చింది. అందులో స్క్రాప్‌బుక్ అని ఉండేది. నీ స్నేహితురాలు నీకు రాసిన ముక్క మొదట్లో ఊరందరూ చదివేవాళ్లు. ఎవరి ప్రొఫైల్లోకి తొంగిచూశామో వాళ్లకీ తెలిసిపోయేది. ఈ సంగతి అర్థమయ్యాక మా ఈడు ఆడపిల్లలు చాలామంది సొంత ఫోటో తీసేసి గులాబీపువ్వో, సినిమా హీరోయిన్ బొమ్మో పెట్టుకున్నారు. ఎవరూ పాఠం చెప్పలేదు, ఒకర్ని చూసి ఒకరు నేర్చుకున్నారంతే. ప్రొఫైల్ ఫోటోని ఎవరూ దించుకోకుండా కాపలా పెట్టే ఏర్పాటు ఫేస్‌బుక్ మన దేశంలో తెచ్చింది 2017లో. గులాబీపువ్వు ఆ పని అంతకు ముందే మొదలెట్టింది!

ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. పాత ఫోటోలు దించుకోవడానికి దాన్ని నడిపిన గూగుల్ 2016 దాకా గడువిచ్చింది. టిక్‌టాక్ వాళ్లకి ఆ వ్యవధి దొరకలేదు. 2020 జూన్ 29న ప్రభుత్వం దాంతో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. వంటింట్లో, పొలం గట్టు మీద వీడియోలు చేసి పేరు తెచ్చుకున్న ఆడవాళ్లు ఉన్నట్టుండి వీధిన పడ్డారు. కొన్ని రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి గానీ, అభిమానులు మూటగట్టుకుని వెంట రారు కదా. తమ వీడియోలు ఫోన్లో దాచుకున్నవాళ్లు మాత్రం కాస్త తేలిగ్గా మళ్లీ మొదలుపెట్టగలిగారు. ‘ఈ యాస ఇక్కడ నప్పదు’ అని వెక్కిరించినా యాస మార్చుకోకుండా నిలబడ్డవాళ్లంటే నాకు భలే ముచ్చట.

ఇక మనకి రోజూ తలనొప్పి వాట్సాప్. పిన్నిగారి గ్రూపులో పొద్దున్నే పూలబొమ్మ పెట్టకపోతే అలిగావంటారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే బొమ్మ పెడితే నీళ్ల ట్యాంకర్ కబురు పైకి జరిగిపోయిందని విసుక్కుంటారు. పిల్లల స్కూలు అమ్మల గ్రూపులో ఇంకో తంతు, హోంవర్క్ తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. అందుకే కొత్తగా చేరిన చోట కొన్నాళ్లు నోరు మెదపకుండా చూడు. ఎవరు ఎవరికి జవాబిస్తారో, దేనికి నవ్వుతారో, దేనికి మౌనంగా ఉంటారో నీకే తెలుస్తుంది. అడ్మిన్ పైకి పెట్టే నియమాల్లో ఇవేవీ ఉండవు.

నచ్చకపోతే బయటికి రా. ‘వాళ్లేమనుకుంటారో’ అన్న బెంగ అక్కర్లేదు. 2022 నుంచి నువ్వు వెళ్లిపోయిన కబురు అడ్మిన్లకే అందుతుంది. పనిగట్టుకుని వెతికేవాళ్లకి మాత్రం 60 రోజుల పాటు వెళ్లినవాళ్ల జాబితాలో నీ పేరు కనిపిస్తుంది. మన పెద్దత్తలాంటి వాళ్లు వెతుకుతారులే, వెతకనీ.

ఫార్వర్డుల సంగతీ చూడు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు పాకి, జనం అమాయకుల్ని కొట్టి చంపిన సంవత్సరం 2018. ఆ తర్వాతే మన దేశంలో ఒక మెసేజ్ ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపడానికి వీల్లేకుండా చేశారు. మనం ఆపుకోలేకపోతే యాపే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. రెండు బాణాల గుర్తుతో వచ్చిందంటే అది చాలా చేతులు మారిందని అర్థం, నువ్వు ఇంకో చెయ్యి వెయ్యకు.

ఇప్పుడు కొత్త బెడద, ముక్కూమొహం తెలియనివాళ్లు మనల్ని షేర్ల లాభాల గ్రూపుల్లో చేర్చేయడం. లోపల ‘నాకు లక్ష వచ్చింది’ అని మురిసేవాళ్లలో చాలామంది ఆ ముఠా మనుషులే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి, అక్కణ్నుంచి గ్రూప్స్‌లోకి వెళ్లి, నిన్ను చేర్చే వీలు నీ కాంటాక్టులకే ఉండేలా మార్చుకో. ఈ ఆదివారం అమ్మ ఫోన్లోనూ, అత్తగారి ఫోన్లోనూ నువ్వే మార్చిపెట్టు. డబ్బు పోయిందని ఎవరైనా చెబితే తిట్టడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.