దుకాణం కన్నా ముందు కొనుగోలుదారు

కర్రీ పాయింటు తెరవదలచినవారు సాధారణంగా మొదట దుకాణం వెదకుతారు. అడ్వాన్సు కోసం బంగారం కుదువకు వెళుతుంది. గ్రైండరు వస్తుంది, బోర్డు వెలుస్తుంది. కూరలు కొనేవారెవరన్న విచారణ చివరకు మిగిలిపోతుంది. ఆ విచారణ మొదట జరగవలసినది.

ఇందుకు బెంగళూరులోనే ఉదాహరణ ఉంది. పి.సి. ముస్తఫా, ఆయన బంధువులు కలిసి 2005లో ఇడ్లీ, దోసె పిండితో ఐడీ ఫ్రెష్ సంస్థను ఆరంభించారు. వంటగది సుమారు 50 చదరపు అడుగులు; పిండి వేసిన దుకాణాలు 20. బంధువుల కిరాణా దుకాణంలో, రబ్బరు బ్యాండు చుట్టిన సంచులలో వచ్చే పిండి బాగుండడం లేదన్న ఫిర్యాదులు అంతకుముందే వారి చెవిన పడ్డాయి. రోజుకు 100 పొట్లాలు అమ్ముడుపోయేదాకా పెట్టుబడి పెంచరాదనుకున్నారు. అందుకు తొమ్మిది నెలలు పట్టింది.

“మా గోంగూర పప్పు కొంటారా?” అని ఎవరినీ అడగకండి. మనవారికి మొగమాటం ఎక్కువ. “తప్పకుండా” అంటారు, రారు. పి.జి. హాస్టళ్లలో ఉండేవారిని “నిన్న రాత్రి భోజనం ఎక్కడ చేశారు? ఎంతయింది?” అని అడగండి. పిదప ఒక వారానికి సొమ్ము ముందుగా తీసుకొని, ఇంటి నుండే పదిమందికి కూరలు పంపండి. ఇంటి వంటగది నుండి అమ్మినా ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు తప్పనిసరి. రెండవ వారానికి తమంతట తామే సొమ్ము కట్టినవారిని లెక్కించండి. బంధుమిత్రులను ఆ లెక్కలో చేర్చకండి.