నీళ్లు వదిలే చెయ్యి

ఓర్వకల్లు

చిన్నోడా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఏడవడమొక్కటే తక్కువ. స్నేహితులు ఎనిమిది మంది కలిసి దండేలి పోతున్నారంట, కాళీ నదిలో రబ్బరు పడవెక్కి బండల మధ్య దూకుతారంట. "మీరన్నా మానుకోమని చెప్పండి బావా" అంది. నేను చెప్పనని ఆమెతోనే అనేసినా. ఇరవై ఆరేళ్లోడివి, ఇప్పుడు కాకుంటే మోకాళ్లు పట్టేసినాక పోతావా? మన ఓర్వకల్లుకు 2021లో విమానాశ్రయం వచ్చింది గానీ ఏరు మాత్రం రాలేదు. రాతివనంలో బండల నడుమ నిలిచిన నీళ్లు చూసి పెరిగినోడికి పారే నీళ్ల మీద మోజు ఉండదా?

పోయి రా. కానీ నేను ముప్పై ఏళ్లు ఒక ఆనకట్ట మీద లస్కరుగా చేసినోణ్ణి. అందరూ ఏటి ఒడ్డున నిలబడి నీళ్లు చూస్తారు, నేను షట్టర్ల దగ్గర నిలబడి చూసినా. ఆ పక్క నుంచి నీకు చెప్పేవాళ్లు ఇంకొకరు దొరకరు. అందుకే ఈ ఉత్తరం.

కాళి మన తుంగభద్రకు చుట్టమే. రెండూ పడమటి కనుమల నీళ్లే. తుంగభద్ర మన మీద దయతలచి తూర్పుకు తిరిగింది, కాళి కార్వారు దగ్గర అరేబియా సముద్రంలో కలిసింది. మీరు పడవెక్కే గణేశ్‌గుడికి ఎగువన సూపా డ్యాం ఉంది, 101 మీటర్ల ఎత్తు. అక్కడ కరెంటు తీసినప్పుడు టర్బైన్ల గుండా దిగొచ్చే నీళ్లే మీ అలలు. కరెంటు తియ్యకుంటే బండలు బయటపడతాయి, పడవ రాళ్లకు తగులుకుంటుంది. అంటే మీరెక్కే అలను వానదేవుడు పంపలేదు, కంట్రోలు రూములో కూర్చున్న ఉద్యోగి ఎవరో పంపినాడు. ఆయనకు మీరు కనపడరు, మీకు ఆయన కనపడడు.

కనపడని ఆ మనిషిని నేనే. ఇది మీ పెద్దమ్మకు కూడా చెప్పలేదు. ఉద్యోగం కొత్తలో, షట్టర్లు ఎత్తే ముందు దిగువ పల్లెల్లో దండోరా వేయించాల్సిన పని నాది. ఆ పొద్దు టీ కొట్టు దగ్గర మాటల్లో పడి మరిచిపోయినా. ఆర్డరు వచ్చింది, షట్టర్లు లేచినాయి. గొర్రెలు కాసే పిలగాడొకడు ఏటి నడుమ బండ మీద కూర్చొని సద్ది తింటున్నాడు. నీళ్లు సినిమాలో మాదిరి గోడ కట్టుకుని రావు చిన్నోడా. ముందు ఇసుక రంగు మారుతుంది. గుంటలు నిండుతాయి. బండ పక్కన తీగంత ధార కదులుతుంది, అప్పుడు కూడా దాటి పోవచ్చు. వాడు సద్ది మూట కట్టుకునేలోపల మోకాటి లోతు వచ్చింది. వడి మీదున్న నీళ్లకు ఆ మోకాటి లోతు చాలు, మనిషిని కూలదోస్తాయి. వాడు దిగకుండా బండనే కరుచుకున్నాడు, జాలరోళ్లు పుట్టి వేసుకుని పోయి పట్టుకొచ్చినారు. నా తప్పు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. ఆ పిలగాడు ఇప్పుడు మనవళ్లను ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఎదురుపడితే చాలు, "ఏం సారూ, నీళ్లు వదుల్తాండారా?" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఆ బండ దగ్గర పుట్టి ఉంది. బియాస్ నదిలో లేదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు పిల్లలు హిమాచల్‌లో, మండి జిల్లా తలౌట్ దగ్గర, ఏట్లో రాళ్లెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలినారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయినారు. వాళ్లు పడవ ఎక్కలేదు, ఈత కొట్టలేదు, ఊరికే నిలబడినారు. కాబట్టి నాకు మీరు పడవలో ఉండేటప్పుడు భయం తక్కువ. అక్కడ గైడు ఉంటాడు, జాకెట్టు ఉంటుంది. పడవ దిగినాక, బట్టలు మార్చుకునే ముందు, "ఆ బండ మీద ఒక్క ఫొటో రా మామా" అంటాడు చూడు ఎవడో ఒకడు, భయమంతా అక్కడే.

క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. వెయ్యి క్యూసెక్కులంటే సెకనుకు 28 టన్నులు. బేతంచెర్ల నాపరాళ్లు నిండా ఎత్తుకున్న లారీ సెకనుకొకటి నీ పక్కనుంచి పోతున్నట్టు అనుకో. వడి రెండింతలైతే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. నువ్వు దిగుడుబావిలో వీపుకు బెండు కట్టుకుని ఈత నేర్చినావు, నేనే నేర్పించినా. ఆ ఈత ఇక్కడ పనికి రాదు. బావిలో నీళ్లు నీకోసం ఆగి ఉంటాయి, గోడ నాలుగు బారల్లో దొరుకుతుంది.

జాకెట్టు పట్టీలన్నీ నువ్వే బిగించుకో. తర్వాత పక్కోణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజమను. చెవుల దాకా లేచిందంటే అది జాకెట్టు కాదు, అంగీ. తెడ్డు పైకొన మీద అరచెయ్యి మూసే ఉంచు, అది వదిలేస్తే పక్కోడి పళ్లు రాలతాయి. నీళ్లలో పడితే వెల్లకిలా పడుకో, కాళ్లు ముందుకు, బొటనవేళ్లు నీళ్ల పైకి కనపడాల. లోతు తక్కువగా ఉందనిపించినా వడిలో లేచి నిలబడొద్దు. పాదం రెండు రాళ్ల నడుమ ఇరుక్కుంటే, వెనక నుంచి వచ్చే నీళ్లు మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. తాడు విసిరితే గుండెకు ఆనించి పట్టుకో, చేతికి చుట్టుకోవద్దు. పడవ కింద పడితే చేతులు పైకెత్తి అడుగును తోసుకుంటూ ఒకే పక్కకు పో.

ఇంకొకటి నేను కళ్లారా చూసింది. ఆనకట్ట కింద పడిన నీళ్లు మళ్లీ ఆనకట్ట తట్టుకే తిరుగుతాయి. ఒక తాటిమొద్దు రెండు దినాలు అక్కడే దొర్లింది. మునిగేది, లేచేది, మళ్లీ మునిగేది. బయటికి రాలేదు. ఏట్లో బండ దిగువనా అట్లాంటి గుండాలుంటాయి. అక్కడికి వచ్చేసరికి గైడు "ఫార్వర్డ్" అని గొంతు చించుకుంటాడు. నీకేమో తెడ్డు పారేసి తాడు పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకున్నావా, పడవ అడ్డం తిరుగుతుంది, గుండం పట్టేస్తుంది. భయమేసినప్పుడే తెడ్డు గట్టిగా వెయ్యాల. గైడు నీకంటే చిన్నోడైనా సరే, ఆ పూట వాడే నీకు పెద్దనాయన.

మీ గుంపులో ఈత రానోళ్లు ఎవరో ముందే అడిగి గైడుకు చెప్పు. సిగ్గుపడి వాళ్లు చెప్పరు. రాత్రి తాగినోడు పొద్దున పడవ ఎక్కకూడదు. నీ విషయం నేను అడగను. ఒడ్డుకు పోయినాక ఎవరైనా "నాకు వద్దు" అంటే, వాణ్ణి ఎగతాళి చేసే మొదటి నోరు నీది కాకూడదు. నీకే వద్దనిపిస్తే, కట్టిన డబ్బు పోతే పోనీ, నేను పంపిస్తా. రిషికేశ్‌లో గంగ మీద ఏడాదంతా ఈ పనితో బతికేవాళ్లే జూలై, ఆగస్టుల్లో పడవలు ఒడ్డున పెట్టి కూర్చుంటారు. వాళ్లను ఎవరన్నా పిరికోళ్లు అన్నారా?

పొద్దున కడుపు నిండా తినొద్దు. అక్కడ ఉగ్గాని బజ్జీ దొరకదులే, ఆ భయం లేదు. దండేలి దగ్గర ఏట్లో మొసళ్లు ఉండాయి, ఆ సంగతి మీ అమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు. సాయంత్రం గైడు లేకుండా ఎక్కడంటే అక్కడ దిగొద్దు.

ఒడ్డుకు చేరినాక ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఫొటోలు మీ పెద్దమ్మకు పంపు. నాకు ఫొటోలు వద్దు, ఆ పొద్దు సూపా నుంచి నీళ్లు ఎన్ని గంటలకు, ఎన్ని క్యూసెక్కులు వదిలినారో గైడును అడిగి రాసి పంపు.

మీ పెద్దనాయన