ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, బ్రాంట్‌ఫర్డ్ పట్టణంలో 1961 జనవరి 26న వేన్ గ్రెట్జ్‌కీ పుట్టాడు. తండ్రి వాల్టర్ పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించిన మంచుమీదే ఆట నేర్చాడు. ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు కెప్టెన్‌గా 1984, 1985, 1987, 1988లలో నేషనల్ హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. 1988 ఆగస్టులో అతన్ని లాస్ ఏంజెలిస్ కింగ్స్‌కు ఇచ్చేయడం కెనడాను కుదిపేసింది. తర్వాత సెయింట్ లూయిస్ బ్లూస్, న్యూయార్క్ రేంజర్స్ జట్లకు ఆడి 1999లో రిటైరయ్యాడు.

ఈ లీగ్‌లో గోల్‌కు ఒక పాయింటు, గోల్‌కు తోడ్పడే అసిస్ట్‌కూ ఒక పాయింటు. 1,487 మ్యాచ్‌ల్లో గ్రెట్జ్‌కీ గోల్స్ 894, అసిస్ట్‌లు 1,963, మొత్తం 2,857 పాయింట్లు. గోల్స్ అన్నీ తీసేసినా, ఒక్క అసిస్ట్‌లతోనే పాయింట్లలో అతనిదే అగ్రస్థానం! ప్రత్యర్థి గోల్‌పోస్టు వెనక నిలబడి, అక్కడి నుంచి సహచరులకు పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) అందించడం అతని ప్రత్యేకత. ఆ చోటుకు 'గ్రెట్జ్‌కీ ఆఫీసు' అనే పేరే వచ్చింది. అతని ఘనత గోల్స్ కన్నా ఈ అందించడంలోనే ఎక్కువని నా అభిప్రాయం.

అతని 99 నంబరు జెర్సీని లీగ్‌లోని ఏ జట్టులోనూ ఇక ఎవరికీ ఇవ్వరు. 2010 వాంకూవర్ వింటర్ ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించిన వారిలో అతను ఒకడు.

పోటీ పరీక్షలకు పాత పుస్తకాలు చదివేవారు జాగ్రత్త. అత్యధిక గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్ 6న రష్యా ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 895వ గోల్‌తో దాటేశాడు. అసిస్ట్‌లు, పాయింట్ల రికార్డులు మాత్రం గ్రెట్జ్‌కీవే. ప్రశ్నలో ఏ రికార్డు అడిగారో చూసి జవాబు గుర్తించండి.