అంకె మారుతుంది, పేరు మారదు

ఈ సెమిస్టర్‌లో మనలో చాలామందిమి ప్రాజెక్టు వ్యాసం రాస్తున్నాం. విషయం గురించి మేడమ్‌లు చెబుతూనే ఉన్నారు. నేను చెప్పబోయేది అంతకంటే చిన్న సంగతి. వ్యాసంలో పద్యాలకూ పట్టికలకూ పటాలకూ అంకెలు వేయడం, "పద్యం 12 చూడండి" అని రాస్తే అక్కడ నిజంగా ఆ పద్యమే ఉండేటట్టు చూసుకోవడం.

చిన్నదే గానీ తేలిక విషయం కాదు. ఛందస్సు మీద రాసిన వ్యాసంలో "యతి తప్పిన తీరుకు పద్యం 12 చూడండి" అని ఉందనుకోండి. తీరా చూస్తే 12 దగ్గర యతి చక్కగా కుదిరిన కందం కనబడింది. అప్పుడు అంకె జరిగిపోయిందని ఎవరూ అనుకోరు. రాసినామెకు యతి తెలియదనుకుంటారు.

మనకు ఇది కొత్త కాదు

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆయన పనిచేసింది మన ఊళ్లో ప్రెసిడెన్సీ కాలేజీలోనే. అందులో సూత్రాన్ని చూపించాలంటే మనం ఏమంటాం? పరిచ్ఛేదం పేరు చెప్పి, అందులో సూత్రం సంఖ్య చెబుతాం. లెక్కల పుస్తకంలో సమీకరణాన్ని 3.2 అనడం కూడా ఇదే: మూడో అధ్యాయంలో రెండోది. భారతంలో పద్యానికి పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇవ్వడమూ అంతే.

కానీ అంకెను ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో వేమన పద్యాల దగ్గర తెలుస్తుంది. బ్రౌన్ దొర 1829లో అచ్చువేయించిన కూర్పులో 693 పద్యాలు ఉన్నాయి. 1839 నాటి కూర్పులో 1,164 ఉన్నాయి. ఎవరైనా "బ్రౌన్ కూర్పు, 900వ పద్యం" అని రాస్తే మొదటి కూర్పు తెరిచినవాళ్లకు ఏమీ దొరకదు. "400వ పద్యం" అన్నా, రెండింటిలోనూ అది ఒకటే అని నమ్మలేం. పద్యం మారలేదు, దాని చోటు మారింది.

అందుకే మన పెద్దలు పద్యాన్ని ఎత్తుగడ మాటలతో చెబుతారు. శతకాల చివర, కావ్యాల చివర అకారాది పద్యసూచిక ఉంటుంది కదా? ఎత్తుగడ పేరు, ఎదురుగా ఉన్నది దాని చోటు. కంప్యూటర్ చేసే పని కూడా సరిగ్గా ఇదే. మనం పేరు ఇస్తాం, చోటు అది చూసుకుంటుంది.

వర్డ్‌లో

చాలామంది "పద్యం 5" అని చేత్తో టైపు చేస్తారు. మధ్యలో మేడమ్ ఇంకో పద్యం చేర్చమంటే అక్కణ్ణించి చివరిదాకా అన్నీ దిద్దుకోవాలి. అలా వద్దు. రెఫరెన్సెస్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్ నొక్కండి. అందులో న్యూ లేబుల్ అని ఉంటుంది. అక్కడ "పద్యం" అని తెలుగులోనే ఇవ్వండి. పట్టికకు, పటానికి కూడా వేర్వేరు లేబుళ్లు చేసుకోవచ్చు. అధ్యాయం సంఖ్య కూడా కలిసి 2.5 లాగా రావాలంటే, అధ్యాయాల పేర్లకు ముందే అంకెలున్న హెడింగ్ 1 స్టైల్ పెట్టి ఉండాలి.

ప్రస్తావించే చోట అంకె టైపు చేయకుండా, అదే ట్యాబ్‌లో క్రాస్ రిఫరెన్స్ తెరిచి, కావలసిన పద్యాన్ని ఎంచుకోండి. తర్వాత పద్యాలు చేర్చినా, తీసేసినా, చివర కంట్రోల్ ఎ కొట్టి ఎఫ్9 నొక్కితే అంకెలన్నీ సర్దుకుంటాయి. ఈ ఎఫ్9 నొక్కకపోతే పాత అంకెలే ఉండిపోతాయి. తీసేసిన పద్యాన్ని ఇంకా ఎక్కడైనా ప్రస్తావిస్తుంటే ఆ చోట "ఎర్రర్" అని వస్తుంది. ప్రింటుకు ఇచ్చేముందు ఆ మాటను వెతికి చూసుకోండి.

లేటెక్‌లో

డొనాల్డ్ నూత్ చేసిన టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో కట్టింది లేటెక్. లెక్కలవాళ్లు, ఫిజిక్సువాళ్లు సమీకరణాల కోసం ఎక్కువగా వాడతారు. తర్వాత వచ్చిన జీటెక్ యూనికోడ్‌ను నేరుగా తీసుకుంటుంది కాబట్టి మన తెలుగుకూ పనికొస్తుంది.

ఇందులో పేరు పెట్టే ఆదేశం లేబుల్, పిలిచే ఆదేశం రెఫ్. మొదటిసారి నడిపినప్పుడు ఏ పేరు ఏ అంకె దగ్గర పడిందో పక్కన ఒక చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది. రెండోసారి నడిపినప్పుడు దాన్ని చూసి అంకెలు నింపుతుంది. అందుకే ఒక్కసారే నడిపితే అంకెల చోట రెండు ప్రశ్నార్థకాలు కనబడతాయి. కంగారుపడక్కర్లేదు, ఇంకోసారి నడపండి. అప్పటికీ పోకపోతే పేరులో అక్షరం తేడా ఉన్నట్టే. పటానికి లేబుల్ ఎప్పుడూ క్యాప్షన్ తర్వాతే పెట్టాలి. ముందు పెడితే పటం సంఖ్యకు బదులు ఆ విభాగం సంఖ్య వస్తుంది.

పేరు పెట్టేటప్పుడు "పద్యం5" అని పెట్టకండి. రేపు అది ఏడోది కావచ్చు. "యతిభంగం" అనో "సీసం-వర్ణన" అనో విషయాన్ని బట్టి పెట్టండి.

తెలుగుకే ఉన్న చిక్కు

ఇంగ్లీషులో అంకె మారితే వాక్యం చెడదు. మనకు విభక్తి ఉంది. "పట్టిక 4ను చూడండి" అని రాశాం, నాలుగును. మధ్యలో పట్టికలు చేరి అది 8 అయింది. ఇప్పుడు "8ను" అని ఉంది, చదివితే ఎనిమిదిను! "8ని" కావాలి. కి, కు కూడా అంతే: 7కు, 8కి, 9కి. యంత్రం అంకెను మారుస్తుంది గానీ ప్రత్యయాన్ని మార్చదు.

దీనికి నాకు తోచిన ఉపాయం, విభక్తిని అంకెకు కాకుండా మాటకు తగిలించడం. "ఈ పట్టికను (4) చూడండి", "ఆ సీసానికి (2.5) వస్తే" అని రాస్తే అంకె ఎన్నిసార్లు మారినా వాక్యం చెడదు. వర్డ్ అంకెను ఒంటరిగా ఇవ్వదు, లేబుల్‌తో కలిపి ఇస్తుంది. అప్పుడు "ఆ సీసానికి (పద్యం 2.5)" అని రాసుకోవచ్చు. లో, వ అన్నవి ఏ అంకెకైనా అతుకుతాయి, వాటితో చిక్కు లేదు.

ఎవరి అంకె ఎవరిది?

ఆఖరి మాట. మన వ్యాసంలో మనం వేసే వరస అంకెలను యంత్రానికి అప్పగించాలి. ఇతరులు వేసినవాటిని అప్పగించకూడదు. బాలవ్యాకరణ సూత్రసంఖ్య, మన ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోని తాళపత్ర ప్రతి సంఖ్య చూడటానికి అంకెలే గానీ నిజానికి పేర్లు. వాటిని గ్రంథంలో ఉన్నట్టే, కూర్పు పేరు, సంవత్సరంతో సహా చేత్తో రాయాలి. ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

వ్యాసం ఇచ్చేముందు ఒక గంట కేటాయించి, పక్కనున్న స్నేహితురాలిని ప్రతి "చూడండి" దగ్గరా ఆగి, చెప్పిన చోటికి వెళ్లి చూడమనండి. విషయం తెలియనామె అయితే మరీ మంచిది. ఆమె దారి తప్పకుండా వెళ్లి రాగలిగితే ఎగ్జామినర్‌కూ ఇబ్బంది ఉండదు.